తాతమ్మ బొమ్మలపెట్టె

పాఠం ఉద్దేశం

కలగాపులగంగా ఉన్న వస్తువులను పరిశీలించి, ఒకదానితో ఒకటి పోల్చి, వర్గాలుగా విడదీయడం ఎలాగో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఒక వస్తువు దేనితో తయారైందో తెలుసుకోవడం ఒక జ్ఞానం. అది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మరొక జ్ఞానం. ఈ రెండూ ఎందుకు కావాలో ఈ పాఠం చెబుతుంది.

1

మన గంజాం జిల్లాలోను, బరంపురం పట్టణంలోను ఉన్న తెలుగువారిలో కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మెట్లు మెట్లుగా బల్లలు అమర్చి, వాటిమీద తెల్లని బట్ట పరిచి, బొమ్మలను వరుసగా నిలబెడతారు. మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో ఉండాలి గాని సరిసంఖ్య కాకూడదని పెద్దలు చెబుతారు. సాయంత్రం దీపం వెలిగించగానే ఇరుగుపొరుగు పేరంటాళ్ళు, పిల్లలు వచ్చి కొలువు చూసి, పాటలు పాడి, శనగలు, తాంబూలం తీసుకుని వెళతారు.

మా అమ్మమ్మ సంక్రాంతికి కొలువు పెట్టేది. ఏటా ఒక్క బొమ్మైనా కొత్తది చేరాలని ఆమె నియమం. కొనడానికి డబ్బు లేని సంవత్సరం పిల్లల ఆటవస్తువు ఏదో ఒకటి అడిగి తీసుకుని మెట్టుమీద పెట్టేది. ఆమె పోయిన తరువాత ఆ బొమ్మలున్న రేకుపెట్టె బరంపురంలోని మా ఇంటికి వచ్చింది. కొన్నేళ్ళు అటకమీదే ఉండిపోయింది. ఒక సంక్రాంతికి ముందు మా అమ్మ, "ఈసారి మా అమ్మ కొలువు పెడదాం. పెట్టె దింపు నాయనా" అంది.

అప్పుడు మా అబ్బాయి ఏడవ తరగతి చదువుతున్నాడు. వాడి బడిలో తెలుగు ప్రథమ భాష. మా చెల్లెలి కూతురు భువనేశ్వర్‌లో తొమ్మిదవ తరగతి చదువుతున్నది. సెలవులకు వచ్చింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, అక్కడి బడిలో తెలుగు లేనందువల్ల చదవడం రాదు. విజ్ఞానశాస్త్రం అంటే మాత్రం ఆ పిల్లకు ప్రాణం. భోగికి నాలుగు రోజులు ముందుగా ఇద్దరూ పెట్టెముందు కూర్చున్నారు.

2

పెట్టెలో ప్రతి బొమ్మా పాత వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఉంది. పిల్లలు పోటీలు పడి చుట్టలు విప్పారు. అరగంటలో బొమ్మలన్నీ చాపమీద పరుచుకున్నాయి. కాగితాలన్నీ ఉండలు చుట్టి గోనెసంచిలో కూరారు. పాత కాగితాలు కొనేవాడు మర్నాడు వస్తాడని ఆ సంచిని అరుగుమీద పెట్టారు. ఆ పని వద్దని చెప్పవలసినవాణ్ణి నేను. నాకూ తోచలేదు.

లెక్కపెడితే బొమ్మలు ఎనభై నాలుగు. వీటిని ఎలా విడదీయాలి? ఇక్కడే చిక్కు వచ్చింది.

"దేవుళ్ళు ఒకచోట, మనుషులు ఒకచోట, జంతువులు ఒకచోట పెడదాం వదినా" అన్నాడు మా అబ్బాయి.

"అలా కాదు. దేనితో చేశారో చూసి విడదీయాలి. మట్టి, కర్ర, లోహం, ప్లాస్టిక్" అంది మా మేనకోడలు.

"చేప జంతువే కదా. ఈ ఇత్తడి చేపను నువ్వు లోహాల్లో పెట్టావేం?"

"ఇత్తడి లోహం కాదా మరి?"

ఇద్దరూ మా అమ్మ దగ్గరికి తీర్పుకు వెళ్ళారు. ఆమె నవ్వి, "మా అమ్మకు ఆ లెక్కలేవీ లేవర్రా. ఎవరు ఇచ్చిందో ఆమెకు తెలుసు. పిన్ని ఇచ్చిన బొమ్మ పిన్ని పిల్లల బొమ్మల పక్కన పెట్టేది" అంది.

ముగ్గురి మాటా సరైనదే. వస్తువులను విడదీయడానికి ఒకే దారి ఉండదు. ఎందుకోసం విడదీస్తున్నామో దానినిబట్టి దారి మారుతుంది. మెట్లమీద అలంకరించడానికి రూపం ముఖ్యం. శుభ్రం చేయడానికి, భద్రపరచడానికి పదార్థం ముఖ్యం. ఇంటి చరిత్ర తెలుసుకోవడానికి ఎవరిది, ఎక్కడిది అనేది ముఖ్యం. అయితే ఒకసారికి ఒక్క సూత్రమే పట్టుకోవాలి. రెండు సూత్రాలు కలిపితే ఇత్తడి చేపకు రెండు చోట్లు దొరుకుతాయి, లేదా ఏ చోటూ దొరకదు.

ముందు బొమ్మలను శుభ్రం చేయాలి కాబట్టి, మా మేనకోడలి పద్ధతినే మొదట పాటించాము.

3

మట్టిబొమ్మలు పదిహేడు వచ్చాయి. వీటిని తడిబట్టతో తుడవకూడదు, రంగు లేచిపోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపాము.

కర్రబొమ్మలు పద్నాలుగు. వాటిలో కొండపల్లి బొమ్మలున్నాయి. అవి తెల్లపొణికి కర్రతో చేసినవి. ఆ కర్ర చాలా తేలిక. ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అంకుడు కర్రను తిరగలిపట్టి, తిరుగుతుండగానే లక్కరంగు అద్ది చేస్తారు. అందుకే అవి గుండ్రంగా, నున్నగా ఉంటాయి. పూరీ నుంచి తెచ్చిన జగన్నాథ, బలభద్ర, సుభద్రల కర్ర విగ్రహాలూ ఉన్నాయి. తెలుగు ఊళ్ళ బొమ్మలు, ఒడియా ఊళ్ళ బొమ్మలు ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండడం మన ప్రాంతపు ఇళ్ళకు సహజమే.

లోహపు బొమ్మలు ఆరు. ఇత్తడి చేప మన గంజాం జిల్లాలోని బెలగుంఠలో తయారైనది. చిన్న చిన్న ఇత్తడి ముక్కలను ఒకదానికొకటి తగిలించి చేస్తారు. తోక పట్టుకుని ఊపితే బతికున్న చేపలాగా ఒళ్ళు వంచుతుంది. గుడ్డబొమ్మలు మూడు.

మిగిలినవి నలభై నాలుగు. వాటన్నిటినీ మా అబ్బాయి ఒకే కుప్పగా పోసి, "ఇవన్నీ ప్లాస్టిక్. అయిపోయింది" అన్నాడు.

"అవ్వలేదు. ప్లాస్టిక్ అనేది ఒక పదార్థం కాదు. ఒక పెద్ద కుటుంబం" అంది మా మేనకోడలు.

4

ఆ పిల్ల చెప్పింది నిజం. ప్లాస్టిక్ అంటే వేడిచేసి, ఒత్తి, అచ్చులో పోసి కావలసిన రూపం ఇవ్వగల కృత్రిమ పదార్థాలకు ఉమ్మడి పేరు. వీటిలో మొదట విరివిగా వాడుకలోకి వచ్చినది సెల్యులాయిడ్. 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ దానిని వ్యాపార వస్తువుగా తయారుచేశాడు. 1907లో లియో బేక్‌లాండ్ బేకలైట్‌ను కనుగొన్నాడు. 1933లో ఇంగ్లండులో పాలిథిన్‌ను కనుగొన్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత పాలిథిన్, పాలీస్టైరిన్, పి.వి.సి. అనేవి చౌకగా దొరకడంతో ఆటబొమ్మలు కర్ర నుంచి, రేకు నుంచి ప్లాస్టిక్‌కు మారాయి.

నలభై నాలుగింటిని మళ్ళీ విడదీశాము. వేలెడంత కూడా లేని జంతువులు ఇరవై మూడు ఉన్నాయి. వాటిని చూడగానే నాకు నా చిన్నతనం గుర్తుకు వచ్చింది. 1970ల దశకంలో బినాకా పళ్ళపేస్టు కొంటే అట్టపెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ జంతువు ఉచితంగా వచ్చేది. పెట్టె విప్పేదాకా లోపల ఏముందో తెలియదు. ఏనుగు వస్తుందా, జిరాఫీ వస్తుందా అని అన్నదమ్ములం కాచుకుని ఉండేవాళ్ళం. ఒకే జంతువు రెండుసార్లు వస్తే పక్కింటివాళ్ళతో మార్చుకునేవాళ్ళం. రేడియోలో 1952 నుంచి వచ్చిన బినాకా గీత్‌మాలా ఆ పేరును ఊరూరా తెలిపింది. ఈ జంతువులు పిల్లల జేబుల్లోకి తెచ్చాయి. ఈ ఇరవై మూడింటిలో నావి ఎన్నో, మా చెల్లెలివి ఎన్నో ఇప్పుడు చెప్పలేను.

సైనికుల బొమ్మలు తొమ్మిది. పాదాల కింద పీటమీద హాంకాంగ్‌లో తయారైనట్లు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. 1950ల తరువాత కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచానికి ప్లాస్టిక్ బొమ్మలు పంపిన పెద్ద కేంద్రాలలో హాంకాంగ్ ఒకటి. బొమ్మ అడుగు భాగం తిరగేసి చూడడం అందుకే అవసరం. ఊరిపేరు ఒక్కొక్కసారి కాలాన్ని కూడా చెబుతుంది. ఉదాహరణకు, "ఆక్రమిత జపాన్‌లో తయారైనది" అనే ముద్ర ఉంటే ఆ బొమ్మ 1947కు, 1952కు నడుమ ఎగుమతి అయినదని అర్థం. ఆ రోజుల్లోనే ఆ ముద్ర వేసేవారు.

బళ్ళు, వాటిని తోలేవాళ్ళు కలిపి అయిదు. పిల్లల రూపంలో ఉన్న బొమ్మలు నాలుగు. ఏ గుర్తూ లేనివి, సగం విరిగినవి మూడు.

5

పేరు లేని ప్లాస్టిక్‌ను గుర్తుపట్టడం ఎలా? మా మేనకోడలు ఒక బక్కెట్టులో నీళ్ళు తెచ్చింది. సైనికుణ్ణి వేస్తే తేలాడు. పాలిథిన్ నీటికన్న తేలికైనది. గోటితో నొక్కితే మైనంలాగా నున్నగా తగులుతుంది. తరువాత పులిబొమ్మను వేస్తే మునిగింది. అది గట్టిది, బల్లమీద తట్టితే టక్కుమని మోగింది. అది పాలీస్టైరిన్.

"మునిగినవన్నీ పాలీస్టైరినేనా?" అని అడిగాడు మా అబ్బాయి.

"కాదు. పి.వి.సి. కూడా మునుగుతుంది. ఉప్పు తీసుకురా."

వంటింట్లో ఉన్నది మన జిల్లాలోని హుమ్మ కొటార్లలో పండిన కల్లుప్పు. లీటరు నీటికి నూటయాభై గ్రాముల చొప్పున కలిపారు. ఉప్పు కరిగినకొద్దీ నీటి సాంద్రత పెరుగుతుంది. మంచినీటిలో మునిగిన పులి ఉప్పునీటిలో తేలింది. జిగురుగా ఉన్న ఒక మెత్తని బొమ్మ ఉప్పునీటిలో కూడా మునిగింది. అది పి.వి.సి. దానిని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెవంటి పదార్థం కాలక్రమంలో పైకి ఊరి జిగురవుతుంది.

అంతలో ఒక బాతుబొమ్మ తేలింది. "పాలిథిన్" అన్నాడు మా అబ్బాయి. కాని దానిని తట్టితే టక్కుమంది. చూస్తే అది లోపల డొల్ల. తేలింది బాతు కాదు, దానిలోని గాలి! నీటి పరీక్ష డొల్లగా లేని బొమ్మలకే పనికివస్తుందని పిల్లలు తమ పొరపాటు ద్వారానే తెలుసుకున్నారు. ఒక్క పరీక్షను నమ్మి తీర్పు చెప్పకూడదు. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్పినప్పుడు నమ్మాలి.

ఈ గడబిడలో పక్కింటి రెండేళ్ళ పాప వచ్చి చాపమీద కూర్చుని, చిన్న కుందేలు బొమ్మను నోట్లో పెట్టుకుంది. మా అమ్మ చటుక్కున వేలు పెట్టి తీసింది. ఆ బొమ్మ గొంతులో పడే పరిమాణంలో ఉంది. అంతేకాక, పాత బొమ్మల రంగుల్లో సీసంవంటి విషపదార్థాలు ఉండవచ్చు. మనదేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. అంతకుముందు తయారైన బొమ్మలకు ఆ నియమం లేదు. కాబట్టి పాత బొమ్మలు చూడడానికే గాని పసిపిల్లలు ఆడడానికి కాదు. చిన్న జంతువులన్నిటినీ మూత ఉన్న సీసాలో పోశాము.

6

పిల్లల రూపంలో ఉన్న నాలుగు బొమ్మలలో ఒకటి మా మేనకోడలికి అంతుపట్టలేదు. జానెడు బొమ్మ. గుడ్డుపెంకులాగా పలుచన. ఒంటికి పట్టుగౌను. గౌనుకు పెట్టిన గుండుసూది పూర్తిగా తుప్పుపట్టి, ముట్టుకోగానే విరిగిపోయింది. బొమ్మ ముఖం ఒకప్పుడు తెలుపై ఉండాలి. ఇప్పుడు తేనెరంగుకు తిరిగింది. వీపు మీద సన్నని పగుళ్ళు.

"ఇదేమిటి అమ్మమ్మా?" అని అడిగింది.

"అది కర్పూరం బొమ్మ. రుద్ది వాసన చూడు" అంది మా అమ్మ. "మా అమ్మ అలాగే పిలిచేది. దేవుడి బొమ్మ కనుక కర్పూరం వాసన వస్తుందనుకునేవాళ్ళం. ఎప్పుడూ పై మెట్టుమీద, దీపం పక్కన పెట్టేది."

మా మేనకోడలు బొటనవేలితో రుద్ది వాసన చూసింది. ముఖం మారిపోయింది. "దీపం పక్కనా? మావయ్యా, ఇది సెల్యులాయిడ్!"

సెల్యులాయిడ్‌ను నైట్రేటు చేసిన సెల్యులోజుకు కర్పూరం కలిపి తయారుచేస్తారు. ఆ వాసన దేవుడిది కాదు, పదార్థానిది. నిప్పు తగిలితే అది భగ్గున మండుతుంది. 1950 ప్రాంతం వరకు సినిమా రీళ్ళను కూడా ఇటువంటి పదార్థంతోనే చేసేవారు. అందువల్లనే ఆ కాలంలో సినిమాహాళ్ళ యంత్రపు గదుల్లో అగ్నిప్రమాదాలు జరిగేవి. అంతేకాదు, పాతబడిన సెల్యులాయిడ్ నుంచి ఆమ్లపు ఆవిరి వెలువడుతుంది. గుండుసూది తుప్పుకు అదే కారణం. పక్కన ఉన్న బొమ్మలను కూడా ఆ ఆవిరి పాడుచేస్తుంది.

"అయితే పారేద్దామా?" అన్నాడు మా అబ్బాయి.

మా అమ్మ మాట్లాడలేదు. బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది.

"డెబ్బై ఏళ్ళు దీపం పక్కన పెట్టింది మా అమ్మ. ఏమీ కాలేదు" అంది కాసేపటికి.

"ఏమీ కాకపోవడం అదృష్టం అమ్మమ్మా. రుజువు కాదు" అంది మా మేనకోడలు నెమ్మదిగా.

"ఇంతకీ ఈ బొమ్మ తాతమ్మకు ఎవరిచ్చారు?" అని అడిగాను నేను.

మా అమ్మకు తెలియదు. "అడిగితే లేచి వెళ్ళిపోయేది" అంది.

7

అప్పుడు నాకు కాగితాలు గుర్తుకు వచ్చాయి. అరుగుమీదికి పరుగెత్తాను. అదృష్టవశాత్తు సంచి అక్కడే ఉంది. ముగ్గురం కూర్చుని ఒక్కొక్క ఉండా విప్పాము. వార్తాపత్రికల తేదీలు కనిపించాయి. ఏ బొమ్మను ఏ సంవత్సరంలో చివరిసారిగా చుట్టారో ఆ తేదీలు చెబుతాయి. కాని ఏ కాగితం ఏ బొమ్మదో ఇప్పుడు చెప్పేదెవరు? వాటిని వేరుచేసింది మేమే.

"ఇలాంటి చిన్న కాగితం ఒకటి గౌనులోంచి పడింది. పిచ్చిగీతలనుకుని నేనే ఉండచుట్టి వేశాను" అంది మా మేనకోడలు, సంచి అడుగున వెదుకుతూ. దొరికింది. వక్కపొడి పొట్లమంత కాగితం. దానిమీద పాతకాలపు దస్తూరీ. ఆ పిల్ల దానిని అటూ ఇటూ తిప్పి మా అబ్బాయి చేతికి ఇచ్చింది. వాడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు:

"నాన్నగారు రంగం నుంచి తెచ్చినది. ఎవరికీ ఇవ్వకూడదు."

మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత తనకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పింది.

రంగం అంటే బర్మా దేశంలోని రంగూన్ నగరం. మన పెద్దలు దానిని రంగం అనే పిలిచేవారు. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి వేలాదిమంది పనికోసం రంగం వెళ్ళేవారు. మన గోపాలపురం రేవు నుంచి పొగ ఓడలు నడిచేవి. బియ్యపు మరల్లో, రేవుల్లో మనవాళ్ళు పనిచేసేవారు. అమ్మమ్మ తండ్రి కూడా అలా వెళ్ళినవాడే. రెండు మూడేళ్ళకొకసారి ఇంటికి వచ్చేవాడు. జపాన్‌లో తయారైన సెల్యులాయిడ్ బొమ్మలు అప్పుడు ఆసియా అంతటా అమ్ముడయ్యేవి. కూతురి కోసం ఆయన అటువంటి బొమ్మ తెచ్చి ఉంటాడు.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి స్వదేశానికి బయలుదేరారు. ఎందరో దారిలోనే మరణించారు. అమ్మమ్మ తండ్రి ఇంటికి చేరలేదు. ఉత్తరమూ రాలేదు. ఆయనది ఒక్క ఫోటో కూడా లేదు. ఆయన చేత్తో తాకిన వస్తువుగా మిగిలింది ఈ బొమ్మ ఒక్కటే.

"పారేద్దామన్నాను, తప్పయింది నాయనమ్మా" అన్నాడు మా అబ్బాయి.

8

బొమ్మలన్నిటిలోను విలువైనదీ అదే. ప్రమాదకరమైనదీ అదే. ఏం చేయాలి? పారేయడానికి వీల్లేదు. దీపం పక్కన పెట్టడానికీ వీల్లేదు. దీపం లేకుండా కొలువు పెట్టడానికి మా అమ్మ ఒప్పుకోలేదు.

చివరికి ఆలోచించి ఇలా నిర్ణయించాము. బొమ్మకు ఒక అట్టపెట్టె తయారుచేసి, గాలి ఆడడానికి చుట్టూ రంధ్రాలు పెట్టాము. దానిని మిగిలిన బొమ్మలతో కలపకుండా, వంటింటికి, పూజగదికి దూరంగా, చల్లని గదిలో అలమారాలో ఉంచాము. చీటీని ఆమ్లపు ఆవిరి తగలకుండా వేరే కవరులో పెట్టాము. సంక్రాంతి నాడు పగటి వెలుతురులో, దీపం పెట్టకముందు, మా అమ్మ ఆ బొమ్మను పై మెట్టుమీద నిలబెట్టింది. వచ్చిన పిల్లలందరికీ రంగం కథ చెప్పింది. కథ కాగానే బొమ్మ పెట్టెలోకి వెళ్ళింది. దాని చోట ఒక చిన్న అట్టముక్క నిలిచింది. దానిమీద మా అబ్బాయి తెలుగులో, మా మేనకోడలు ఒడియాలో రాశారు: "ఇది తాతమ్మ నాన్నగారి చోటు." ఆ తరువాత దీపం వెలిగించాము.

ఆ రాత్రే పిల్లలు ఒక నోటుపుస్తకం తెరిచారు. ప్రతి బొమ్మకు ఒక అంకె. ఆ అంకె ఎదురుగా రూపం, పదార్థం, కొలత, అడుగున ఉన్న ముద్ర, ఎవరిచ్చారు, ఎవరు చెప్పారు. మా అమ్మ చెప్పగా ముప్పై ఒక్క బొమ్మలకు ఎవరిచ్చారో రాయగలిగారు. మిగిలిన యాభై మూడింటికి ఆ గడి ఖాళీగా ఉంది. కాగితాలు కదపకుండా ఉంటే వాటిలో కొన్నిటికైనా ఏ ఏటివో రాయగలిగేవాళ్ళం.

మా మేనకోడలు భువనేశ్వర్ వెళ్ళేటప్పుడు మా అబ్బాయి పాత తెలుగు వాచకం అడిగి తీసుకువెళ్ళింది.

పాత వస్తువులను విడదీసేటప్పుడు పాటించవలసిన నియమాలు

1. చుట్టలు విప్పకముందే ప్రతి వస్తువుకు ఒక అంకె ఇవ్వాలి. చుట్టిన కాగితానికీ అదే అంకె వేయాలి.
2. ఒకసారికి ఒక్క సూత్రం ప్రకారమే విడదీయాలి.
3. ముద్రలు, అచ్చుగీతలు, అడుగు భాగం పరిశీలించాలి. అచ్చులో చేసిన బొమ్మకు రెండు సగాలు కలిసినచోట గీత ఉంటుంది.
4. మట్టి, కర్ర, గుడ్డ బొమ్మలను, రంగు వేసినవాటిని, సెల్యులాయిడ్‌గా తోచినవాటిని నీటిలో వేయకూడదు.
5. నిప్పుతో ఏ పరీక్షా చేయకూడదు.
6. తెలియని వస్తువును "తెలియనివి" అనే వర్గంలోనే ఉంచాలి. ఊహించి పేరు పెట్టకూడదు.
7. పెద్దలు చెప్పినదానిని వారి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

కలగాపులగం = రకరకాలవి కలిసిపోయిన స్థితి
వర్గం = ఒకే లక్షణం గల వాటి గుంపు
అటక = ఇంటి పైకప్పు కింద సామాను పెట్టే చోటు
డొల్ల = లోపల ఖాళీగా ఉన్నది
సాంద్రత = ఒక ఘనపరిమాణంలో ఉండే ద్రవ్యరాశి
కొటారు = ఉప్పు పండించే చోటు
దస్తూరీ = చేతిరాత
కూడబలుక్కొను = అక్షరాలు కలుపుకుంటూ మెల్లగా చదువు
మర = యంత్రం, మిల్లు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో జవాబులు రాయండి.

1. బొమ్మలను విడదీయడానికి మా అబ్బాయి, మేనకోడలు, అమ్మ చెప్పిన మూడు పద్ధతులు ఏవి? వాటిలో ఏ పద్ధతి ఏ పనికి తగినది?
2. బాతుబొమ్మ నీటిమీద తేలినా అది పాలిథిన్ కాదని ఎలా తెలిసింది?
3. కర్పూరం బొమ్మను దీపం పక్కన పెట్టడం ఎందుకు ప్రమాదం?
4. "ఏమీ కాకపోవడం అదృష్టం. రుజువు కాదు." ఈ మాటను మీ సొంతమాటల్లో వివరించండి.
5. చీటీని మేనకోడలు పారేసింది, అబ్బాయి చదివాడు. దీనినిబట్టి మీకు ఏమి తెలిసింది?

II. ఖాళీలను పూరించండి.

1. కొండపల్లి బొమ్మలను ............ కర్రతో చేస్తారు.
2. బెలగుంఠ ............ చేపకు పేరున్న ఊరు.
3. రంగూన్ నగరాన్ని మన పెద్దలు ............ అని పిలిచేవారు.
4. ఉప్పు కరిగినకొద్దీ నీటి ............ పెరుగుతుంది.

III. కింది పదాలను సొంతవాక్యాలలో ఉపయోగించండి.

అంతుపట్టు, కాచుకుని ఉండు, ఊరూరా, ఒక్కొక్క

IV. వ్యాకరణం

(అ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
బొమ్మలన్నీ, ఇదేమిటి, పేరున్న

(ఆ) కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
అన్నదమ్ములు, ఏడుమెట్లు, బొమ్మలపెట్టె, పట్టుగౌను

V. చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న పాత వస్తువులలో పది ఎంచుకోండి. ప్రతిదానికి అంకె ఇచ్చి, రూపం, పదార్థం, ఎవరిది, ఎక్కడిది, ఎవరు చెప్పారు అనే గడులతో ఒక పట్టిక తయారుచేయండి. మీ ఇంటి పెద్దలను అడిగి గడులు నింపండి. వస్తువు గురించి పెద్దలకు కూడా తెలియకపోతే ఆ గడిని ఖాళీగానే ఉంచండి. పట్టికను తరగతిలో చదివి వినిపించండి.